కచ్చితంగా కొలిచిన రీడింగును ఒక్క బిట్‌గా పంపడానికి బొమ్మా బొరుసా వేయమంటున్నారు, ఇది సరైన పనేనా?

నేలతడి
పెద్ద పొలంలో నేల తేమ కొలిచే సెన్సార్లు పెడుతున్నాం, వెయ్యి దాకా ఉంటాయి. అన్నీ బ్యాటరీ మీద నడిచేవే, రేడియోలో డేటా పంపుతాయి. పావుగంటకోసారి కొలుస్తాయి కాబట్టి రోజుకు 96 రీడింగులు, ఒక్కోటి 12 బిట్లు. రోజుకొక్క ప్యాకెట్‌తో సరిపెట్టాలని మా ఆలోచన. కానీ లెక్కేస్తే 144 బైట్లు తేలుతోంది. మేం వాడే నెమ్మది రేటులో ఒక ప్యాకెట్‌లో 51 బైట్లకు మించి పట్టవు.

టీమ్‌లో ఒకాయన ఇచ్చిన సలహా: రీడింగును 0కి 1కి మధ్యకు తెచ్చుకుని ఒక్క బిట్టే పంపాలి. 0.37 వచ్చిందనుకోండి, 37 శాతం సంభావ్యతతో 1 పంపాలి, లేదంటే 0. అప్పుడు రోజుకు 12 బైట్లే. వినడానికి బాగానే ఉంది కానీ, అంత ఖర్చు పెట్టి జాగ్రత్తగా కొలిచి చివర్లో బొమ్మా బొరుసా వేసి పాడుచేయడం నాకు మింగుడు పడటం లేదు. 0.5 దాటితే 1, దాటకపోతే 0 అని మామూలుగా రౌండ్ చేస్తే సరిపోదా? మాకు కావలసింది ముందుగా పొలం మొత్తం సగటు, తర్వాత ఒక్కో మూలలో రోజు సగటు.

సగటుమనిషి
రౌండ్ చేస్తే చాలు. వెయ్యి సెన్సార్లుంటే ఒకరి తప్పు ఇంకొకరి తప్పుతో కొట్టుకుపోతుంది.

లెక్కలగూడు
కొట్టుకుపోదండీ, అదే అసలు చిక్కు. పొలమంతా 0.37 ఉందనుకోండి. రౌండ్ చేస్తే వెయ్యి సెన్సార్లూ 0 పంపుతాయి. మీకు వచ్చే సగటు 0. సెన్సార్లను పదివేలు చేసినా, నెలరోజులు కొలిచినా అదే 0. తప్పంతా ఒకే వైపు ఉంటే సగటు దాన్ని తగ్గించలేదు.

ఇప్పుడు రాండమ్‌గా వేయండి. 1 పంపేవాళ్లు 370కి అటూ ఇటూ ఉంటారు. స్టాండర్డ్ డీవియేషన్ (మామూలుగా ఎంత అటూ ఇటూ పోతుందో చెప్పే కొలత) ఎంతంటే 1000 × 0.37 × 0.63కి వర్గమూలం, అంటే సుమారు 15. సగటు చాలాసార్లు 0.355కి 0.385కి మధ్యలో పడుతుంది. ఒక్కో బిట్ విడిగా చూస్తే తప్పే, కానీ ఆ తప్పుకు ఒక పక్క మొగ్గు లేదు. మొగ్గు లేని తప్పు సగటులో కరుగుతుంది, మొగ్గున్నది కరగదు. మీ టీమ్‌లో ఆయన చెప్పింది సరైన మాట.

సగటుమనిషి
పొలమంతా ఒకే తేమ ఎందుకుంటుంది? రీడింగులు 0 నుంచి 1 దాకా పరుచుకుని ఉంటే రౌండ్ చేసినా కొట్టుకుపోతాయి కదా.

లెక్కలగూడు
బాగా పరుచుకుని ఉంటే మీరన్నది నిజమే. కానీ వాన పడిన మర్నాడు చూడండి, అన్నీ 0.55కి 0.70కి మధ్య గుమిగూడతాయి. అందరూ 1 పంపుతారు, సగటు 1 వస్తుంది. పొలం మునిగిపోయిందని రిపోర్టు వెళ్తుంది. డేటా ఎలా పరుచుకుంటుందో ముందే తెలిస్తే ఇక సెన్సార్లెందుకు?

చెట్టుకింద
ఒక్క సెన్సార్ విషయం మాత్రం వేరు. వచ్చింది 0 అయితే 0.25 అనీ, 1 అయితే 0.75 అనీ అనుకుంటే మామూలు రౌండింగులో తప్పు ఎప్పుడూ 0.25 దాటదు. బొమ్మా బొరుసులో 0.37ను 1 అని పంపినప్పుడు తప్పు 0.63. ఒకే ఒక రీడింగు చూసి నీళ్లు పెట్టాలా వద్దా తేల్చుకోవాల్సినవాడికి రాండమ్ పద్ధతి నష్టమే. లెక్కలగూడు గారు వెయ్యి మంది మాట చెప్పారు గానీ ఒక్కడి మాట చెప్పలేదు.

లెక్కలగూడు
ఒప్పుకుంటాను. ఒక్క రీడింగుకు రౌండింగే మేలు. ఎన్నింటిని కలిపి చూడబోతున్నాం అన్నదాని మీదే ఏది వాడాలన్నది ఆధారపడి ఉంటుంది.

బిట్టుపిట్ట
ఎన్ని సెన్సార్లకు ఎంత తప్పు ఉంటుందో చేతిలెక్క ఏమైనా ఉందా?

లెక్కలగూడు
అన్నిటికంటే చెడ్డ సందర్భం అసలు విలువ 0.5 దగ్గర ఉన్నప్పుడు. అప్పుడు సగటులో స్టాండర్డ్ డీవియేషన్ = 0.5ను సెన్సార్ల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వచ్చేది. 100 సెన్సార్లకు 0.05, 2500కు 0.01. తప్పును సగం చేయాలంటే సెన్సార్లు నాలుగింతలు కావాలి.

పాతరేడియో
ఇంకో బిట్ కూడా పెంచకుండా దీన్ని ఇంకా మెరుగు చేయొచ్చు. ఈ కిటుకు 1962 నాటిది. లారెన్స్ రాబర్ట్స్ టీవీ బొమ్మల్ని డిజిటల్‌గా పంపే పనిలో ఉండగా రాశాడు (తర్వాత ఇంటర్నెట్‌కు ముందు రూపమైన ఆర్పానెట్ కట్టించింది ఈయనే). బిట్లు తగ్గిస్తే బొమ్మలో నున్నగా మారాల్సిన వెలుగునీడలు మెట్లుమెట్లుగా, గీతలుగా కనిపిస్తాయి. ఆయన ఏం చేశాడంటే, ప్రతి చుక్కకూ రౌండ్ చేసేముందు కొంత నాయిస్ కలిపి, అవతల అందుకున్నాక అదే నాయిస్‌ను తీసేశాడు. 6 బిట్లు కావలసిన చోట 3 బిట్లతో సరిపెట్టాడు.

మీ దగ్గర దీన్ని ఎలా వాడాలంటే: సెన్సార్‌కూ సర్వర్‌కూ ఇద్దరికీ తెలిసిన ఒక రాండమ్ సంఖ్య ఉండాలి, 0కి 1కి మధ్య. రీడింగు ఆ సంఖ్య కంటే ఎక్కువైతే 1, తక్కువైతే 0 పంపండి. సర్వర్ వచ్చిన బిట్‌కు ఆ ఉమ్మడి సంఖ్యను కలిపి, 0.5 తీసేయాలి. అదే అంచనా.

రీడింగు 0.37, ఉమ్మడి సంఖ్య 0.20 అనుకోండి. 1 వెళ్తుంది, సర్వర్ లెక్క 1 + 0.20 − 0.5 = 0.70. ఉమ్మడి సంఖ్య 0.85 అయితే 0 వెళ్తుంది, లెక్క 0 + 0.85 − 0.5 = 0.35. అసలు రీడింగు ఎంతైనా సరే, తప్పు ఎప్పుడూ −0.5కి +0.5కి మధ్యలో సమానంగా పరుచుకుంటుంది. వేరియన్స్, అంటే స్టాండర్డ్ డీవియేషన్ వర్గం, 1లో పన్నెండో వంతు. బొమ్మా బొరుసులో అది నాలుగో వంతు దాకా పోతుంది. వెయ్యి సెన్సార్ల మీద 0.37కు తప్పు 0.015 నుంచి 0.009కి దిగుతుంది, అదీ ఒక్క బిట్ కూడా అదనంగా పంపకుండా.

నేలతడి
కానీ ఆ ఉమ్మడి సంఖ్యను కూడా పంపాలి కదా? అప్పుడు ఆదా ఏముంది?

పాతరేడియో
పంపక్కర్లేదు. రెండు వైపులా ఒకే సూడో రాండమ్ జనరేటర్ (రాండమ్‌లా కనిపించే సంఖ్యల్ని సూత్రంతో పుట్టించేది) పెట్టండి. సీడ్‌గా, అంటే దానికి మొదట ఇచ్చే సంఖ్యగా, సెన్సార్ ఐడీనీ రీడింగు వేళనూ కలిపి వాడండి. ఇద్దరూ విడివిడిగా అదే సంఖ్య తయారు చేసుకుంటారు. గాలిలో వెళ్లేది బిట్ ఒక్కటే.

సున్నాఒకటి
ఐడీని కలపమన్న మాట దగ్గర ఇంకాస్త ఆగండి, చాలామంది దాటేసి వెళ్లిపోతారు. ఒకసారి నా చేతికి వచ్చిన బోర్డుల్లో ఫర్మ్‌వేర్ రాసినవాళ్లు అన్నిటికీ ఒకే సీడ్ పెట్టారు. కరెంటు ఇవ్వగానే అన్నీ ఒకేలా మొదలై ఒకే రాండమ్ సంఖ్యలు పుట్టించేవి. అన్నిటి రీడింగూ దగ్గరదగ్గరగా ఉంటే అన్నీ ఒకే బిట్ పంపేవి, అన్నిటి తప్పూ ఒకటే. వందలాది బోర్డుల సగటు తీస్తే ఒక్క బోర్డుకున్నంత తప్పే వచ్చేది. గ్రాఫ్‌లో సగటు గీత పిచ్చిగా ఎగిరిపడుతుంటే అందరూ సెన్సార్లను మార్చమన్నారు. సెన్సార్లలో ఏ లోపమూ లేదు. సీడ్‌లో ఐడీ కలపగానే గీత సర్దుకుంది.

బిట్టుపిట్ట
రాండమ్ అంటే అందరిదీ ఒకే రాండమ్ కాకూడదన్నమాట.

సున్నాఒకటి
అంతే. సెన్సార్‌కూ సర్వర్‌కూ మధ్య ఒకటే ఉండాలి, సెన్సార్‌కూ సెన్సార్‌కూ మధ్య వేరువేరుగా ఉండాలి.

ఇంకొకటి. సీడ్‌కు "ఇప్పటిదాకా ఎన్ని పంపాను" అనే కౌంటర్ వాడొద్దు. మధ్యలో ఒక్క ప్యాకెట్ పోతే సర్వర్ లెక్క ఒకటి, సెన్సార్ లెక్క ఇంకొకటి అవుతాయి. అక్కడి నుంచి ఉమ్మడి సంఖ్య కలవదు, వచ్చే అంచనాల్లో పనికొచ్చేది ఏమీ మిగలదు. పాతరేడియో గారు వేళ అన్నది అందుకే అనుకుంటా.

చెట్టుకింద
ఈ ఉమ్మడి నాయిస్ అన్నిచోట్లా మేలు కాదు. వేరియన్స్ ఎప్పుడూ పన్నెండో వంతే అన్నారు, అంటే 0.083. బొమ్మా బొరుసులో అది విలువను బట్టి మారుతుంది. 0.02 దగ్గర 0.02 × 0.98, అంటే 0.0196 మాత్రమే. విలువ సుమారు 0.09 కంటే తక్కువున్నా, 0.91 కంటే ఎక్కువున్నా మామూలు బొమ్మా బొరుసే గెలుస్తుంది. ఎండిపోయిన నేల అయితే రీడింగులన్నీ 0 దగ్గరే ఉంటాయి. నేలతడి గారూ, మీ రీడింగులు ఎక్కడ ఉంటాయి?

నేలతడి
ఎక్కువగా 0.2కి 0.6కి మధ్య. దాని కంటే కిందకు చాలా అరుదు.

పాతరేడియో
అయితే ముందు స్కేలు మార్చండి. 0.2ను 0 అనుకోండి, 0.6ను 1 అనుకోండి. వెడల్పు 0.4కి తగ్గింది కాబట్టి తప్పు కూడా 0.4 వంతుకు దిగుతుంది. అప్పుడప్పుడు బయటికి పోయే రీడింగు అంచు దగ్గర ఆగిపోతుంది, అది మీకు పర్వాలేదా అన్నది ఆలోచించుకోండి. మా అనుభవంలో రాండమ్ గురించి ఎంత చర్చించినా, లాభమంతా ఈ స్కేలు దగ్గరే ఎక్కువ.

బిట్టుపిట్ట
పాతరేడియో గారి లెక్క నేనూ వేసి చూశా. రీడింగు 0.97, ఉమ్మడి సంఖ్య 0.95 తీసుకుంటే 1.45 వచ్చింది. 1.45 తేమ అంటే నేల కాదు, చెరువు! 1 దాటితే 1 అని కోసేయొచ్చా?

పాతరేడియో
కోయొద్దు! పైన 1.45 లాంటివి ఉన్నాయి కాబట్టే కింద 0.5 లాంటివి సర్దుకుని సగటు 0.97కు వస్తోంది. పైవాటిని కోస్తే సగటు కిందికి జారుతుంది, అంటే మొదట్లో వదిలించుకున్న మొగ్గు వెనక దారిలో మళ్లీ వచ్చేస్తుంది. ముందు సగటు తీయండి, కోయాలనుకుంటే చివర్లో కోయండి.

లెక్కలగూడు
దీన్ని గట్టిగా సమర్థిస్తున్నా. డేటా శుభ్రం చేసే స్క్రిప్టుల్లో "హద్దు దాటినవి తీసేయి" అని ఒక లైను ఎప్పుడూ కూర్చుని ఉంటుంది. ఆ లైను ఉందేమో ముందు చూసుకోండి.

గోప్యత
చిన్న ప్రశ్న. ఇలా ఒక్క రాండమ్ బిట్టే పంపితే ఎవరి అసలు విలువా ఎవరికీ తెలియదు కదా? వ్యక్తిగత సమాచారం సేకరించేవాళ్లకు కూడా ఇది పనికొస్తుందా?

చెట్టుకింద
ఉన్నది ఉన్నట్టుగా అయితే పనికిరాదు. విలువ 0 అయితే బొమ్మా బొరుసు ఎప్పుడూ 0నే పంపుతుంది, 1 వచ్చిందంటే విలువ 0 కాదని తేలిపోయింది. ఉమ్మడి సంఖ్య తెలిసినవాడికైతే రీడింగు దానికి పైనుందో కిందుందో కూడా తెలుస్తుంది.

గోప్యతకు 1965లో వార్నర్ చెప్పిన పద్ధతి చూడండి. సర్వేలో అడగడానికి ఇబ్బందిగా ఉండే ప్రశ్న ఒకటి ఉంటుంది. జవాబిచ్చేవాడు ఎవరికీ కనపడకుండా ఒక ముల్లు తిప్పుతాడు. 70 శాతం సార్లు అసలు ప్రశ్నకు, 30 శాతం సార్లు దాని తిరగేసిన ప్రశ్నకు అవునో కాదో చెబుతాడు. అడిగినవాడికి ఏ ప్రశ్నకు జవాబు వచ్చిందో తెలియదు. కానీ మొత్తం మీద 38 శాతం మంది అవునన్నారనుకోండి, 0.38 నుంచి 0.30 తీసేసి 0.40తో భాగించండి. 0.20 వస్తుంది, అసలు నిష్పత్తి అదే. దాచడానికి పెట్టిన రాండమ్‌కు ఖర్చు ఉంది, అదే కచ్చితత్వానికి ఎక్కువ మంది కావాలి.

బిట్టుపిట్ట
నాది విలువ కాదు, లెక్కపెట్టడం. చిన్న చిప్‌లో ఎన్నిసార్లు ఏదో జరిగిందో లెక్కపెట్టాలి, జాగా 8 బిట్లే. 255 దగ్గర ఆగిపోతోంది. దీనికీ రాండమ్ ఉపయోగపడుతుందా?

లెక్కలగూడు
ఇది బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ మోరిస్ ఎదుర్కొన్న సమస్యే, 1978లో పరిష్కారం ప్రచురించాడు. కౌంటర్‌ను ప్రతిసారీ పెంచకూడదు. కౌంటర్ 0 ఉంటే తప్పకుండా పెంచు, 1 ఉంటే సగం సంభావ్యతతో, 2 ఉంటే పావు, 3 ఉంటే ఎనిమిదో వంతు, అలా. చివర్లో 2ను కౌంటర్ విలువ ఘాతానికి పెంచి 1 తీసేస్తే అంచనా. పది లక్షల దాకా లెక్కపెట్టినా కౌంటర్ 20 దగ్గర ఉంటుంది. 20ని రాయడానికి 5 బిట్లు చాలు, మామూలుగా లెక్కపెడితే 20 బిట్లు కావాలి.

కాకపోతే రెట్టింపుల్లో తప్పు బాగా ఎక్కువ, 70 శాతం దాకా. కాబట్టి 2కు బదులు 1కి ముప్ఫయ్యో వంతు కలిపిన సంఖ్యను వాడి, చివర్లో వచ్చినదాన్ని 30తో గుణించండి. 8 బిట్లలో లక్షా పాతిక వేలకు పైగా వెళ్లొచ్చు, తప్పు సుమారు 13 శాతం. మీకు అది చాలా?

బిట్టుపిట్ట
బోలెడు చాలు. నాకు వేలల్లో ఉందా లక్షల్లో ఉందా తెలిస్తే సరి.

సున్నాఒకటి
లెక్కపెట్టడం అన్నారు కాబట్టి ఒక మాట. వేరువేరు మనుషులు ఎందరు వచ్చారో లెక్కపెట్టాలంటే, అంటే ఒకే మనిషి పదిసార్లు వచ్చినా ఒకటే అనాలంటే, మోరిస్ కౌంటర్ పనిచేయదు. దానికి హైపర్‌లాగ్‌లాగ్, 2007లో వచ్చింది. ప్రతి ఐడీనీ హ్యాష్ చేసి (అంటే సూత్రంతో రాండమ్‌లా కనిపించే బిట్లుగా మార్చి), ముందు వరుసగా ఎన్ని సున్నాలున్నాయో చూసి, అన్నిటికంటే పొడుగు వరుసను గుర్తుంచుకుంటుంది. అదే మనిషి మళ్లీ వస్తే అదే హ్యాష్, రికార్డు మారదు. రెడిస్ అనే డేటాబేస్‌లో ఇది 12 కిలోబైట్లలో 0.81 శాతం తప్పుతో వస్తుంది. అక్కడి కమాండ్ల ముందు పీఎఫ్ అని ఉండేది దీన్ని కనిపెట్టినవాళ్లలో ఒకరైన ఫిలిప్ ఫ్లాజొలే పేరు మీదే.

మిగులుబాకీ
అసలు ప్రశ్నకు తిరిగి వద్దాం. నేలతడి గారు రెండు అడిగారు, పొలం సగటు ఒకటి, ఒక్కో మూలలో రోజు సగటు ఇంకొకటి. రెండోదాని గురించి ఎవరూ మాట్లాడలేదు. అక్కడ రాండమ్ అవసరమే లేదని నా వాదన.

ఒక్క సెన్సార్ రోజుకు 96 బిట్లు పంపుతుంది. బొమ్మా బొరుసుతో 0.37 దగ్గర రోజు సగటులో తప్పు 0.05. ఇది ఎక్కువే. బదులు, రౌండ్ చేసినప్పుడు మిగిలినదాన్ని పారేయకుండా తర్వాతి రీడింగుకు కలపండి. మొదటిది 0.37: 0 పంపాం, 0.37 మిగిలింది. రెండోది 0.37 + 0.37 = 0.74: 1 పంపాం, ఎక్కువ ఇచ్చాం కాబట్టి −0.26 బాకీ. మూడోది 0.11: 0. నాలుగోది 0.48: 0. అయిదోది 0.85: 1, బాకీ −0.15. ఇలా పది రీడింగులకు 0, 1, 0, 0, 1, 0, 1, 0, 0, 1 వస్తాయి. నాలుగు ఒకట్లు.

మిగులు ఎప్పుడూ సగానికి మించదు కాబట్టి 96 రీడింగుల మొత్తంలో తప్పు 1 దాటదు, సగటులో 96వ వంతు దాటదు. అంటే 0.01. రాండమ్ తప్పు సంఖ్య వర్గమూలంతో తగ్గుతుంది, ఇది సంఖ్యతోనే తగ్గుతుంది. న్యూరల్ నెట్‌వర్క్ శిక్షణలో గ్రేడియెంట్లను (నెట్‌వర్క్‌లోని సంఖ్యల్ని ఎటు, ఎంత మార్చాలో చెప్పేవి) ఒక్క బిట్‌కు కుదించి పంపిన 2014 నాటి పద్ధతిలో కూడా మిగులును ఇలాగే ముందుకు మోశారు.

పాతరేడియో
రోజు సగటుకు ఇది చాలా మంచిది, ఒప్పుకుంటున్నా. కానీ పొలం మొత్తం మాటేంటి? సెన్సార్లన్నీ మిగులు 0తో మొదలైతే, నేలంతా 0.37 ఉన్నప్పుడు మొదటి పావుగంటలో అందరూ 0, రెండో పావుగంటలో అందరూ 1. సున్నాఒకటి గారి ఒకే సీడ్ కథ మళ్లీ మొదలు.

మిగులుబాకీ
దానికి రాండమ్ వాడదాం, కానీ ఒక్కసారే. ప్రతి సెన్సారూ మొదటి మిగులును −0.5కి +0.5కి మధ్యలో రాండమ్‌గా తీసుకోవాలి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా. అక్కడి నుంచి మిగులు ఎప్పుడు చూసినా అదే పరిధిలో సమానంగా పరుచుకునే ఉంటుంది. కాబట్టి ఏ పావుగంట తీసుకున్నా 0.37 సెన్సార్ 1 పంపే సంభావ్యత సరిగ్గా 37 శాతం. పొలం సగటుకు బొమ్మా బొరుసు ఇచ్చేదంతా వస్తుంది, రోజు సగటుకు మిగులు పద్ధతి ఇచ్చేదీ వస్తుంది.

లెక్కలగూడు
కాగితం మీద వేసి చూశాను, సరిగ్గా ఉంది. ఇంత చిన్న మార్పుతో రెండూ కలవడం చాలా బాగుంది.

పాతరేడియో
ఏదో ఒక్క పావుగంటలో పొలం సగటు మాత్రమే కావాలంటే ఇప్పటికీ నాది మెరుగు, 0.009 ఎక్కడ, 0.015 ఎక్కడ. కానీ రెండూ కావాలన్నారు కాబట్టి మిగులుబాకీ గారి దారే తీసుకోండి.

నేలతడి
ప్యాకెట్ పోతే ఏమవుతుంది? రేడియోలో అప్పుడప్పుడు పోతుంటాయి.

మిగులుబాకీ
ఆ రోజు డేటా పోతుంది, అంతే. మిగులు సెన్సార్‌లోనే ఉంటుంది కాబట్టి మర్నాటి సగటు మళ్లీ 96వ వంతు హద్దులోనే వస్తుంది. సర్వర్ దగ్గర ఏ కౌంటరూ సరిచేసుకోనక్కర్లేదు.

సగటుమనిషి
ఒకటి అడగాలి. ఒక్క బిట్ పంపినా ప్యాకెట్ హెడర్ ఉంటుంది కదా? మీరు వాడే రేడియో పద్ధతి లోరావాన్ అయితే ఎటూ 13 బైట్లు పైన పడతాయి. 12 బైట్ల డేటాకు 13 బైట్ల హెడర్. 51 బైట్లు పట్టేటప్పుడు ఒక్క బిట్టే అని ఎందుకు పట్టుబట్టాలి? నాలుగు బిట్లు పంపినా 48 బైట్లే.

మిగులుబాకీ
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇది. నాలుగు బిట్లయితే 16 మెట్లు, ఒక్కో మెట్టు పదిహేనో వంతు. మిగులు పద్ధతి అలాగే ఉంచండి, మెట్టు చిన్నదైంది కాబట్టి తప్పులన్నీ పదిహేనో వంతుకు దిగుతాయి. ఒకే రీడింగు చూసి తేల్చుకోవాల్సినవాడికి కూడా సరిపోతుంది, చెట్టుకింద గారి అభ్యంతరం తీరిపోతుంది. పెద్ద ప్యాకెట్ అంటే రేడియో ఇంకాస్త ఎక్కువసేపు వెలుగుతుంది, బ్యాటరీ లెక్క మీరు చూసుకోవాలి.

నేలతడి
రెండు బిట్లు, నాలుగు బిట్లు రెండూ పెట్టి కరెంటు కొలుస్తాం. స్కేలు 0.2 నుంచి 0.6. చివరి సందేహం: బోర్డు రీబూట్ అయితే మిగులు పోతుంది. అప్పుడు 0తో మొదలుపెట్టొచ్చా?

సున్నాఒకటి
వద్దు. పిడుగు పడో, అప్‌డేట్ పెట్టో అన్నీ ఒకేసారి రీబూట్ అయ్యాయనుకోండి, అన్నీ 0 దగ్గర ఒకే అడుగులో మొదలవుతాయి. సెన్సార్ ఐడీనీ, ఎన్నోసారి బూట్ అయిందో ఆ సంఖ్యనూ కలిపి హ్యాష్ చేసి, దాన్నుంచి కొత్త మిగులు తీసుకోండి. బూట్ సంఖ్యను ఫ్లాష్‌లో (కరెంటు పోయినా నిలిచే మెమరీలో) రాసుకుంటే చాలు, ప్రతి పావుగంటకూ మిగులును ఫ్లాష్‌లో రాయొద్దు, ఫ్లాష్ తొందరగా అరిగిపోతుంది.